జీతం ముట్టని మూడేళ్లు.. మైక్రోవేవ్‌కు దారి చూపిన బోస్

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తుంటే టేకు చెట్ల పైన అక్కడక్కడా మొబైల్ టవర్లు కనిపిస్తాయి. టవర్ మీద నిలువుగా, పొడుగ్గా ఉండే యాంటెన్నాలు మన ఫోన్లతో మాట్లాడతాయి. కొన్ని టవర్లకు వాటితో పాటు పక్కకు తిరిగి ఉన్న తెల్లటి గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. చూడ్డానికి డోలుకు తోలు బిగించినట్టే ఉంటుంది. అది మన ఫోన్‌తో మాట్లాడదు. పదో ఇరవయ్యో కిలోమీటర్ల అవతల, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న ఇంకో డోలుతో మాత్రమే మాట్లాడుతుంది. దీన్నే మైక్రోవేవ్ లింక్ అంటారు.

ఫైబర్ కేబుల్ వేయడం కష్టమైన చోట ఊరి మాటలు, డేటా అన్నీ ఈ డోలు మీదుగానే బయటి ప్రపంచానికి వెళ్లాలి. ఇక్కడేమో రిజర్వ్ ఫారెస్ట్, వాగులు, గుట్టలు, ఆపైన గోదావరి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి సమయంలో ఆ లింక్ పనిచేస్తుందా లేదా అన్నదాన్ని బట్టే 108కి ఫోన్ కలుస్తుందా లేదా అన్నది తేలుతుంది.

ఈ డోలును బిగించి, గురి కుదిర్చే ఉద్యోగాల్లో డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఈ పని మొదట చేసిందెవరని అడిగితే ఎక్కువమంది మార్కోనీ పేరు చెబుతారు. కంటికి కనిపించని తరంగాన్ని సన్నటి కిరణంగా మార్చి, ఒక వైపు గురిపెట్టి, అవతల పట్టుకుని, ఎన్ని డిగ్రీలు తిప్పితే ఎంత తగ్గిందో కొలిచి చూపినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకు ప్రాణముందని చెప్పిన శాస్త్రవేత్తగా ఆయన్ని స్కూల్లో చదువుకున్నాం. అంతకుముందు ఆయన చేసిన పని ఈసీఈ సిలబస్‌లో సగం ఉంటుంది. పేరు మాత్రం పెద్దగా వినిపించదు.

ఊరి బడి నుంచి కేంబ్రిడ్జి దాకా

బోస్ 1858 నవంబర్ 30న ఇప్పటి బంగ్లాదేశ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ బ్రిటిష్ ప్రభుత్వంలో అధికారి. ఆ హోదా ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేయడం అప్పుడే గొప్పగా ఉండేది. ఆయన మాత్రం కొడుకుని బెంగాలీ బడికి పంపారు. ముందు సొంత భాష, సొంత మనుషులు తెలియాలన్నది ఆయన పట్టుదల. ఆ బడిలో బోస్ పక్కన కూర్చున్నవాళ్లలో తండ్రి దగ్గర పనిచేసే ప్యూన్ కొడుకు, జాలరి కొడుకు ఉన్నారు. వాళ్లు చెప్పే చేపల కబుర్లు, పక్షుల కబుర్లే తనకు ప్రకృతి మీద ఆసక్తి కలిగించాయని బోస్ పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు.

తర్వాత కోల్‌కతాలో హేర్ స్కూల్, ఆపై సెయింట్ జేవియర్స్. అక్కడ ఫాదర్ లాఫోంట్ ఫిజిక్స్‌ను ప్రయోగాలు చేసి చూపించి చెప్పేవారు. బోస్‌కు ఆ సబ్జెక్టు మీద ఇష్టం ఏర్పడింది అక్కడే. 1879లో డిగ్రీ పూర్తయింది. ఇప్పటి మన ఇళ్లలో సివిల్స్ ఆలోచన ఎలా వస్తుందో, ఆయనకూ ఐసీఎస్ ఆలోచన అలాగే వచ్చింది. ఇంట్లో అప్పులున్నాయి, పెద్ద ఉద్యోగం వస్తే తీరతాయి. వద్దన్నది తండ్రే. ఎవరి మీదో అధికారం చలాయించే ఉద్యోగం కన్నా చదువుకునే దారి మంచిదని చెప్పారు.

1880లో మెడిసిన్ చదవడానికి లండన్ వెళ్లారు. అప్పటికే ఒంట్లో ఉన్న జ్వరం డిసెక్షన్ గదిలో మరీ ముదిరింది. మెడిసిన్ వదిలేయక తప్పలేదు. కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీలో సైన్స్‌లో చేరారు. అక్కడ పాఠం చెప్పినవాళ్లలో లార్డ్ రేలీ ఒకరు. 1884లో కేంబ్రిడ్జి డిగ్రీ, లండన్ యూనివర్సిటీ బీఎస్సీ రెండూ చేతికొచ్చాయి. మొదట అనుకున్న కోర్సు దక్కకపోవడమే ఆయన్ని ఫిజిక్స్‌లోకి తీసుకొచ్చింది. కౌన్సెలింగ్‌లో కోరుకున్న బ్రాంచ్ రాలేదని కుంగిపోయేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవచ్చు.

ఒకే పని.. మూడో వంతు జీతం

తిరిగొచ్చేటప్పుడు బ్రిటన్ పోస్ట్‌మాస్టర్ జనరల్ హెన్రీ ఫాసెట్ రాసిన సిఫార్సు లేఖ ఆయన చేతిలో ఉంది. అది వైస్రాయ్ రిపన్‌కు రాసింది. అంత బలమైన లేఖ ఉన్నా కోల్‌కతాలో విద్యాశాఖ అధికారులు అడ్డుపడ్డారు. భారతీయులకు సైన్స్ చెప్పే సత్తా లేదన్నది అప్పటి అభిప్రాయం. చివరికి 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా తీసుకున్నారు. అది కూడా తాత్కాలికంగానే.

జీతం దగ్గరకొచ్చేసరికి అసలు విషయం బయటపడింది. అదే పోస్టులో ఉన్న యూరోపియన్‌కు ఇచ్చేదాంట్లో భారతీయుడికి మూడింట రెండు వంతులే ఇస్తారు. తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం కోత. లెక్కేస్తే చేతికొచ్చేది మూడో వంతు.

బోస్ ఉద్యోగం మానలేదు. గొడవ పెట్టుకుని క్లాసులు ఎగ్గొట్టలేదు. రోజూ వెళ్లి పాఠం చెప్పారు, జీతం మాత్రం ముట్టుకోలేదు. అలా ఒక నెల కాదు, మూడేళ్లు. ఈ మధ్యలోనే 1887లో అబలా దాస్‌తో పెళ్లయింది. కోల్‌కతాలో అమ్మాయిలకు మెడిసిన్ సీటు ఇవ్వని రోజుల్లో మద్రాసు వెళ్లి వైద్యం చదివిన ధైర్యం ఆమెది. మన భద్రాచలం కూడా అప్పట్లో ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఖర్చు తగ్గుతుందని ఈ దంపతులు కొంతకాలం హుగ్లీ నది అవతల చందర్‌నగర్‌లో ఉన్నారు. బోస్ పడవలో నది దాటి కాలేజీకి వెళ్లేవారు. ఆ పడవను అబల వెనక్కి నడుపుకుంటూ తీసుకెళ్లేవారు. ఏరు దాటి చదువుకునే ఊళ్లు మన ఏజెన్సీలోనూ ఉన్నాయి కాబట్టి ఈ కష్టం ఇక్కడివాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మూడేళ్ల తర్వాత ప్రభుత్వమే దిగొచ్చింది. ఉద్యోగం పర్మనెంట్ చేసి, చేరిన రోజు నుంచి పూర్తి జీతం లెక్కగట్టి బకాయిలన్నీ ఒకేసారి ఇచ్చింది. ఆ డబ్బుతో తండ్రి అప్పులు తీర్చారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అనుభవం వస్తుంది కదా అని జీతం లేకుండా పనిచేయించుకునే చోట్లు ఇవాళ చాలానే కనిపిస్తాయి. బోస్ కథను దానికి సమర్థనగా వాడకూడదు. ఆయన ఉచితంగా పనిచేయడానికి ఒప్పుకోలేదు. తక్కువ విలువ కట్టడానికి ఒప్పుకోలేదు. ఈ రెండూ ఒకటి కావు.

బాత్రూమ్ పక్కన గది.. రేకుల మేస్త్రీ తోడు

వారానికి 26 గంటల పాఠాలు. పరిశోధనకు ల్యాబ్ లేదు, నిధులు లేవు. 1894 నవంబర్ 30న, తన 36వ పుట్టినరోజున, ఇకపై పరిశోధనకే జీవితం అని బోస్ నిర్ణయించుకున్నారు. కాలేజీలో బాత్రూమ్ పక్కనున్న చిన్న గది దొరికింది. రేకు పని చేసే ఓ మేస్త్రీకి తానే నేర్పించి, పరికరాలన్నీ తయారు చేయించుకున్నారు. ఖర్చు సొంత జేబు నుంచే.

అప్పటికి ఆరేడేళ్ల ముందే జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగంలో చూపించారు. కానీ ఆయన తరంగాల పొడవు తక్కువలో తక్కువ 66 సెంటీమీటర్లు. అంత పొడవైన తరంగం వెలుతురులా వంగుతుందా, విరుగుతుందా అని చూడాలంటే చాలా పెద్ద అద్దాలు, పట్టకాలు కావాలి. బోస్ తిరగేసి ఆలోచించారు. పరికరం పెంచే బదులు తరంగాన్నే చిన్నది చేస్తే? అలా తగ్గిస్తూ 5 మిల్లీమీటర్ల దాకా వెళ్లారు. ఇప్పటి భాషలో అది 60 గిగాహెర్ట్జ్. 5జీ చర్చల్లో మిల్లీమీటర్ వేవ్ అని వింటున్నాం కదా, అదే. కరెంటు దీపం కూడా కొత్తగా ఉన్న రోజుల్లో ఆయన అక్కడిదాకా వెళ్లారు.

ఈ ఆలోచన ఎంత సరైందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. లింక్ ఇంజినీర్లు రోజూ వాడే లెక్కే ఇది. 70ని తరంగం పొడవుతో గుణించి, డిష్ వ్యాసంతో భాగిస్తే కిరణం వెడల్పు సుమారుగా డిగ్రీల్లో వస్తుంది. 15 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 సెంటీమీటర్లు. డిష్ 120 సెంటీమీటర్లయితే కిరణం వెడల్పు 1.2 డిగ్రీల దగ్గర ఉంటుంది. హెర్ట్జ్ వాడిన 66 సెంటీమీటర్ల తరంగంతో అంతే సన్నటి కిరణం కావాలంటే డిష్ దాదాపు 40 మీటర్లుండాలి. అలాంటిదాన్ని ఏ గుట్ట మీదికి ఎక్కిస్తాం?

1895లో కోల్‌కతా టౌన్‌హాల్‌లో జనం ముందు ప్రయోగం చేశారు. ఒక గదిలో తరంగం పుట్టించారు. అది గోడలు దాటి, మధ్యలో ఉన్న మనుషుల్నీ దాటి, సుమారు 75 అడుగుల అవతల గంట మోగించింది, తుపాకీ మందును పేల్చింది. మధ్యలో తీగ లేదు. అదే ఏడాది మే నెలలో ఆసియాటిక్ సొసైటీలో తొలి పరిశోధన పత్రం చదివారు. ఏడాది చివరికి లండన్ రాయల్ సొసైటీ ప్రచురణల్లో ఆయన పని కనిపించింది. 1896లో లండన్ యూనివర్సిటీ డాక్టరేట్ ఇచ్చింది.

డిగ్రీలు గీసిన బల్ల

1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బోస్ ప్రసంగించారు. ఆయన తీసుకెళ్లిన సెట్ మొత్తం ఒక బల్ల మీద సరిపోతుంది. ఒక చివర తరంగం పుట్టించే గొట్టం, దానికి కటకం. ఇంకో చివర చేయిలా తిరిగే కడ్డీ మీద రిసీవర్. దాని ముందు గరాటు ఆకారపు మూతి. ఈసీఈ వాళ్లు హార్న్ యాంటెన్నా అని చదివేది ఈ గరాటునే. కింద డిగ్రీలు గీసిన చక్రం. రిసీవర్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ గాల్వనోమీటర్ ముల్లు ఎంత కదిలిందో చూడటం, ఎక్కువ కదిలిన చోట ఆగడం, అక్కడి డిగ్రీ రాసుకోవడం. మైక్రోవేవ్ అలైన్‌మెంట్ అంటే ఇవాళ్టికీ ఇదే.

తరంగం ఎటు ఊగుతోందన్నది కూడా బోస్ కొలిచారు. దీన్ని ధ్రువణం అంటారు, సైట్ మీద పోలరైజేషన్ అంటారు. ఖరీదైన స్ఫటికాలు లేనప్పుడు చేతికందింది వాడారు. రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం తీసుకుని, పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి కిరణానికి అడ్డం పెట్టారు. ఒక దిశలో ఊగే తరంగం దాటింది, అడ్డదిశలోది ఆగిపోయింది. జనపనారను మెలిపెట్టి చూస్తే అది తరంగం ఊగే దిశనే తిప్పేసింది. బెంగాల్‌లో ఎక్కడ చూసినా దొరికే జనపనారతో అంతర్జాతీయ స్థాయి పత్రం తయారైంది.

ఏది ఈ కిరణానికి అడ్డం, ఏది కాదు అన్నదీ పరీక్షించారు. ఇటుక, తారు మన కంటి చూపును ఆపుతాయి, ఈ కిరణాన్ని మాత్రం పోనిస్తాయి. నీళ్లు కంటికి పారదర్శకం, ఈ కిరణానికి గోడ. ఈ ఒక్క ఫలితం భద్రాచలం అడవిలో లింక్ వేసేవాళ్లకు ఎంత పనికొస్తుందో కింద చూద్దాం.

ఆయన జీవితచరిత్ర రాసిన పాట్రిక్ గెడ్డిస్ ఇంకో విషయం నమోదు చేశారు. కాలేజీకీ తన ఇంటికీ మధ్య మైలు దూరం. ఆ రెండు చోట్లా పరికరాలు ఎదురెదురుగా పెట్టి తీగ లేకుండా కలపాలని బోస్ సిద్ధమయ్యారు. అది పూర్తయ్యేలోపే ఇంగ్లండ్ ప్రయాణం వచ్చిపడింది. పూర్తయి ఉంటే పాయింట్ టు పాయింట్ లింక్ చరిత్ర ఆ రెండు కప్పుల మీదే మొదలయ్యేది.

ఆ బల్లే 40 మీటర్ల ఎత్తులో

ఇప్పుడు బోస్ బల్లను గోదావరి ఒడ్డుకు తెచ్చుకుందాం. భద్రాచలం వైపు ఒక టవర్, 20 కిలోమీటర్ల అవతల అడవిలో ఇంకో టవర్, ఫ్రీక్వెన్సీ 15 గిగాహెర్ట్జ్ అనుకుందాం.

మొదటి పని సర్వే. ఒక టవర్ నుంచి ఇంకోటి కనిపిస్తే సరిపోదు. కిరణం దారం కాదు, మధ్యలో లావుగా ఉండే కంది కాయ లాంటిది. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. ఈ దూరానికి, ఈ ఫ్రీక్వెన్సీకి సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్ధం 10 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 6 మీటర్లు ఖాళీగా ఉండాలి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల మధ్యలో ఇంకో 6 మీటర్ల ఉబ్బు. అంటే చెట్ల కొనల కన్నా 12 మీటర్ల పైనుంచి కిరణం పోవాలి. చెట్లు పెరుగుతాయి కాబట్టి ఇంకొంత కలుపుకోవాలి.

ఇక్కడ టేకు అడవి ఒక చిక్కు పెడుతుంది. ఎండాకాలంలో టేకు, తునికి ఆకులు రాలిపోతాయి. మార్చి, ఏప్రిల్‌లో సర్వేకు వెళ్తే బైనాక్యులర్‌లో అవతలి గుట్ట శుభ్రంగా కనిపిస్తుంది. జులై వచ్చేసరికి చెట్ల నిండా వెడల్పాటి ఆకులు, వాటి మీద వాన నీళ్లు. నీళ్లు ఈ కిరణానికి గోడ అని బోస్ ఎప్పుడో చూపించారు. అందుకే ఎండాకాలం సర్వే చేసినా వానాకాలం అడవిని ఊహించుకుని ఎత్తు లెక్కగట్టాలి. 10 గిగాహెర్ట్జ్ పైన గట్టి వాన కూడా సిగ్నల్‌ను తినేస్తుంది. ఇక గోదావరి లాంటి వెడల్పాటి నీటి మీదుగా లింక్ వెళ్తే ఉపరితలం అద్దంలా పనిచేస్తుంది. నేరుగా వచ్చిన కిరణం, నీటి మీద పడి వచ్చిన కిరణం ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి. ఆ ప్రతిబింబం నీటి మీద కాకుండా చెట్ల మీద పడేలా టవర్ల ఎత్తులు ఎంచుకోవడం మంచి డిజైన్.

రెండో పని బిగింపు. డిష్‌కు మౌంట్, మౌంట్‌కు పక్క దన్ను, డిష్ వెనక రేడియో యూనిట్, కింద గదిలోకి కేబుల్. కనెక్టర్లకు వాటర్‌ప్రూఫ్ టేప్ చుట్టడం, కేబుల్ గదిలోకి వెళ్లే ముందు వాన నీరు జారిపోయేలా కిందికి వంపు ఇవ్వడం, ఎర్తింగ్. చిన్న పనుల్లా కనిపిస్తాయి. మొదటి వానకే లింక్ పడిపోయిందంటే చాలాసార్లు కారణం వీటిలో ఒకటి. రెండు చివర్లా పోలరైజేషన్ ఒకటే ఉండాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే టైమ్‌టేబుల్ పుస్తకం అడ్డం పెట్టినట్టే.

మూడోది అలైన్‌మెంట్. ముందు జీపీఎస్‌తో దిశ లెక్కగడతారు. టవర్ ఇనుము వల్ల అక్కడ దిక్సూచి ముల్లు తప్పు చూపిస్తుంది కాబట్టి దూరంగా నిలబడి ఒక గుర్తు చూసుకోవాలి. ఒక చివర డిష్‌ను కదపకుండా ఉంచి, రెండో చివర మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పుతారు. రేడియోకు మల్టీమీటర్ తగిలిస్తే సిగ్నల్ బలం వోల్టేజీగా కనిపిస్తుంది. కొన్ని రేడియోల్లో వోల్టేజీ పెరిగితే సిగ్నల్ పెరిగినట్టు, కొన్నింటిలో తగ్గితే పెరిగినట్టు. మాన్యువల్ చదవకుండా టవర్ ఎక్కకూడదు. అడ్డంగా కుదిరాక నిలువుగా, తర్వాత రెండో చివర ఇదే పని. బోస్ గాల్వనోమీటర్ స్థానంలో మల్టీమీటర్ వచ్చింది, అంతే.

కొత్తవాళ్లు పడిపోయే గుంట ఒకటుంది. డిష్ నుంచి ప్రధాన కిరణంతో పాటు పక్కల బలహీనమైన చిన్న కిరణాలు కూడా వస్తాయి. వాటిని సైడ్‌లోబ్‌లు అంటారు. వాటిలో ఒకదాని మీద కూడా శిఖరం లాంటిదే కనిపిస్తుంది. లింక్ పచ్చలైట్ చూపిస్తుంది. కానీ అక్కడి సిగ్నల్ అసలుదాని కన్నా సుమారు 20 డెసిబెల్స్ తక్కువ, అంటే శక్తి వందో వంతు. ఎండలో బాగానే నడుస్తుంది. వాన పడిన రోజు తట్టుకోవడానికి దాచుకున్న మార్జిన్ అంతా అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. దీన్ని పట్టుకునే ఆయుధం లెక్క ఒక్కటే. రెండు వైపులా 1.2 మీటర్ల డిష్‌లు, 20 డీబీఎం పవర్ అయితే మన లింక్‌లో దాదాపు మైనస్ 36 డీబీఎం రావాలి. మైనస్ 56 వస్తే సంతకం పెట్టి దిగిపోకూడదు, ఇంకా తిప్పాలి. ఒక్క డిగ్రీ తేడా ఉంటే కిరణం మధ్య భాగం 20 కిలోమీటర్ల అవతల 350 మీటర్లు పక్కకు పోతుంది. అవతల ఉన్న ఊరికి ఆ 350 మీటర్లే సిగ్నల్ ఉండటానికీ లేకపోవడానికీ తేడా.

పేరు ఎందుకు మరుగున పడింది?

1901 డిసెంబర్‌లో మార్కోనీ అట్లాంటిక్ అవతలి నుంచి సిగ్నల్ అందుకున్నారు. అందులో వాడిన పాదరసం డిటెక్టర్ లాంటిదాన్నే బోస్ 1899లో రాయల్ సొసైటీ పత్రంలో వివరించారు. మూలం అక్కడే ఉందని ప్రొబీర్ బందోపాధ్యాయ 1998లో ప్రచురించిన పరిశోధన చూపించింది. దాదాపు వందేళ్లు పట్టింది.

అలాగని మార్కోనీ ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఇద్దరి గమ్యాలు వేరు. మార్కోనీకి దూరం కావాలి, వ్యాపారం కావాలి. దానికి పొడవైన తరంగాలు పనికొచ్చాయి. బోస్‌కు తరంగం స్వభావం తెలియాలి. దానికి పొట్టి తరంగాలు కావాలి. అప్పటి ప్రపంచం దూరం వైపు వెళ్లింది. మైక్రోవేవ్‌లు రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ వచ్చేదాకా పక్కనే ఉండిపోయాయి.

పేటెంట్ విషయంలోనూ బోస్ పట్టు వేరు. టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని ఒకరు లాభంలో వాటా ఇస్తానంటూ పేటెంట్ కోసం వెంటపడితే కాదన్నారు. జ్ఞానం అందరిదీ అన్నది ఆయన నమ్మకం. స్నేహితులు సారా బుల్, సిస్టర్ నివేదిత పట్టుబట్టాక ఒకే ఒక్కదానికి దరఖాస్తు చేశారు. గెలీనా అనే సీసపు ఖనిజంతో చేసిన డిటెక్టర్ అది. 1904 మార్చి 29న అమెరికా పేటెంట్ వచ్చింది. సెమీకండక్టర్ పరికరానికి వచ్చిన తొలి పేటెంట్‌గా దాన్ని చెబుతారు. ఆయన దాని మీద డబ్బు చేసుకోలేదు, గడువు అలాగే తీరిపోయింది.

ఆయన ఆదర్శం గొప్పదే. కానీ మన తరానికి ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. చేసిన పనిని తేదీతో సహా రాసి పెట్టకపోతే, మన పేరు మీద నమోదు చేయకపోతే తర్వాత ఎవరో వచ్చి వెతికి తీసేదాకా అది కనిపించదు. బోస్ పత్రాలు ప్రచురించారు కాబట్టే వందేళ్ల తర్వాతైనా రుజువు దొరికింది. ఉచితంగా ఇచ్చేయడం వేరు, నమోదు చేయకుండా వదిలేయడం వేరు.

తలుపులు మూసినా ఆగలేదు

1900 తర్వాత బోస్ మొక్కల వైపు మళ్లారు. డిటెక్టర్లు ఎక్కువసేపు వాడితే అలసిపోయినట్టు స్పందన తగ్గుతోందని గమనించడంతో ఈ ప్రశ్న మొదలైంది. జీవమున్నవాటి స్పందన, లేనివాటి స్పందన ఎంత దగ్గర? అత్తిపత్తి మీద, ఇతర మొక్కల మీద ప్రయోగాలు చేశారు. ఫిజిక్స్ మనిషి తమ రంగంలోకి రావడం లండన్ ఫిజియాలజీ పెద్దలకు నచ్చలేదు. రాయల్ సొసైటీ ఆయన పత్రాన్ని ప్రచురించకుండా పక్కనపెట్టింది. బోస్ 1902లో ఆ పనిని పుస్తకంగా తెచ్చారు. మొక్క పెరుగుదలను ఎన్నో రెట్లు పెద్దదిగా చూపించే క్రెస్కోగ్రాఫ్ తయారు చేశారు. ఆయన నిర్ధారణలన్నింటినీ ఈనాటి సైన్స్ ఒప్పుకోదు. మొక్కల్లో విద్యుత్ సంకేతాలుంటాయన్న మౌలిక విషయం మాత్రం నిలబడింది. ఒకప్పుడు పత్రాన్ని ఆపేసిన రాయల్ సొసైటీయే 1920లో ఆయన్ని ఫెలోగా ఎన్నుకుంది.

1915లో రిటైరయ్యారు. 1917 నవంబర్ 30న, మళ్లీ పుట్టినరోజునే, కోల్‌కతాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించారు. బాత్రూమ్ పక్క గదిలో పడ్డ కష్టం తర్వాతివాళ్లు పడకూడదన్నది ఉద్దేశం. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ లాంటివాళ్లు ప్రెసిడెన్సీలో ఆయన పాఠాలు విన్నవాళ్లే. 1937 నవంబర్ 23న గిరిడీలో కన్నుమూశారు. ఇంకో వారం ఉంటే 79 నిండేవి.

దేశంలో తొలి మైక్రోవేవ్ మార్గం 1965లో కోల్‌కతా, అసన్‌సోల్ మధ్య మొదలైంది. బోస్ మైలు దూరం కలపాలనుకున్న ఊరి నుంచే. 2012లో అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ ఆయన మిల్లీమీటర్ తరంగాల ప్రయోగాలను చారిత్రక మైలురాయిగా గుర్తించింది.

ఈ పనిలోకి రావాలంటే

ఈసీఈ బీటెక్, డిప్లొమా, ఎలక్ట్రానిక్స్ ఐటీఐ చేసినవాళ్లకు ఈ రంగంలో దారులున్నాయి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో 2,343 టవర్లను 4జీకి మార్చడానికి కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పథకం కూడా అదే ఏడాది వచ్చింది. ఇలాంటి చోట్ల టవర్‌ను బయటికి కలిపే మనుషులు కావాలి.

సర్టిఫికెట్ కన్నా ముందు నాలుగు విషయాలు చేతిలో ఉండాలి. డెసిబెల్ లెక్క నోటికి రావాలి. 3 డెసిబెల్స్ అంటే రెట్టింపు, 10 అంటే పదింతలు, 20 అంటే వందింతలు. ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాపుతో మీ ఊరి గుట్ట నుంచి పక్క గుట్టకు పాత్ ప్రొఫైల్ గీయడం ప్రాక్టీస్ చేయండి. ఎత్తులో పనిచేసే భద్రతా శిక్షణ తీసుకోండి. ఫుల్ బాడీ హార్నెస్ లేకుండా, ఉరుములప్పుడు, ఒంటరిగా టవర్ ఎక్కమంటే వద్దని చెప్పడం కూడా నైపుణ్యమే. నాలుగోది రాసే అలవాటు. ఏ డిష్, ఏ ఎత్తు, ఎన్ని డిగ్రీలు, లెక్క ప్రకారం ఎంత రావాలి, ఎంత వచ్చింది. ఫొటోలతో రిపోర్ట్ ఇచ్చేవాడికి రెండో సైట్ త్వరగా వస్తుంది.

ఇంటర్వ్యూలో లింక్ అలైన్‌మెంట్ గురించి అడిగితే టూల్స్ పేర్లు వల్లె వేయకండి. ముందు ఎంత సిగ్నల్ రావాలో లెక్కగడతానని, తర్వాత ఆ అంకె వచ్చేదాకా తిప్పుతానని చెప్పండి. కొలవకుండా నమ్మకపోవడమే ఈ పనిలో మొదటి అర్హత. బోస్‌కు ల్యాబ్ లేదు, జీతం లేదు, నమ్మినవాళ్లూ తక్కువే. ఆయన దగ్గర ఉన్నది ఆ అర్హతే.